వెనక రెండు పెట్టెలు

మహన్‌లెత్ స్టేషన్లో రైలు రెండుగా విడిపోతుంది.
(ఆ పేరు ఇన్నేళ్ళైనా నా నోటికి లొంగలేదు.)
ముందు రెండు పెట్టెలు అబరిస్ట్‌విత్‌కి,
వెనక రెండూ మా బార్మత్‌కి.
నాకు తెలుసు. ఆయనకి ఇంకా బాగా తెలుసు.
వుల్వర్‌హాంప్టన్ బస్సు కంపెనీలో
ముప్పై ఒక్క ఏళ్ళు టైంటేబుళ్ళు వేసిన మనిషి
శేషావతారం.
అయినా వెనక పెట్టెలో టాయిలెట్‌కి తాళం వేశారని
ముందుకి నడిచాడు.

కిటికీకి చెంప ఆనించి చూశాను.
మా ఆయన బెల్టు సర్దుకుంటూ
వేరే ఊరికి వెళ్ళిపోతున్నాడు.
ఫోన్ చేశాను.
నా పక్క సీటులోనే మోగింది.

నా దగ్గర మేకుల డబ్బా, నీలం టార్పాలిన్,
అరిటాకు లేక రేకులో చుట్టిన పులిహోర.
ఆయన జేబులో ఇంటి తాళంచెవి.

ఇల్లంటే ఇల్లు కాదు, రెండు గదులు.
రిటైరైన ఏడాది కొన్నాం,
సముద్రం కనపడుతుందని అమ్మినవాడు చెప్పాడు,
బాత్‌రూం స్టూలెక్కితే కనపడుతుంది.
పోయిన వారం తుఫాను ఆ స్టూలు అవసరం లేకుండా చేసింది.
కప్పు మీది పలకలు ముప్పై దాకా లేచిపోయాయి,
బాత్‌రూం సీలింగు తొట్టిలోకి దిగి పడుకుంది,
పెరట్లో ఎవరిదో ట్రాంపొలీన్.
మూలిగే నక్క మీద తాటిపండంటారు,
ఇక్కడ తాళ్ళు లేవు కాబట్టి
పిల్లలు గెంతే గుడ్డ పడింది.

ఇవన్నీ కిటికీలోంచి చూసినవే.
గుమ్మంలో కూర్చుని నాలుగు గంటలు వణికాను.
ఎదురింటి గ్వెన్ టీ తెచ్చింది, దుప్పటి తెచ్చింది,
ట్రాంపొలీన్ తనదని మాత్రం ఒప్పుకోలేదు.

చీకటి పడ్డాక వచ్చాడు.
క్షమించు అనలేదు.
"డొల్గెల్లా దగ్గర మారే బస్సు
ఆరు నిమిషాలు లేటు" అన్నాడు,
అది నా తప్పైనట్టు.
పులిహోర మొత్తం నేనే తినేశానని
అప్పుడు చెప్పాను.

మర్నాడు ఎమ్రిస్ వచ్చి కప్పు వంక చూసి
పళ్ళ సందుల్లోంచి గాలి పీల్చాడు.
ఏ భాషలోనైనా
ఆ చప్పుడికి అర్థం డబ్బే.
ఆరు వారాల దాకా తీరిక లేదట, ఊరంతా ఇంతేనట.
డెబ్బై నాలుగేళ్ళ శేషావతారం నిచ్చెన వంక చూశాడు.
నేను శేషావతారం వంక చూశాను.
ఎమ్రిస్ మా ఇద్దర్నీ చూసి
టార్పాలిన్ లాక్కుని తనే ఎక్కాడు.

బీమావాళ్ళ కాగితంలో పదకొండో ప్రశ్న:
నష్టం జరిగేనాటికి ఇంట్లో
ఎన్నాళ్ళుగా ఎవరూ లేరు?
ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టాడు.
నా మోకాలి ఆపరేషన్, ఆయన కంటి ఆపరేషన్,
మంచు పడిందని ఒకసారి, బద్ధకించి రెండుసార్లు.
నిజం రాస్తే డబ్బు రాదు.
పెన్ను మూత పెట్టి, తీసి,
నిజమే రాశాడు. తిట్టాను.

రాత్రి గాలి లేచింది.
ఆపరేషన్ థియేటర్లో జనాన్ని
నిద్రపుచ్చిన ఉద్యోగం నాది,
పది నుంచి వెనక్కి లెక్కపెట్టండి అనేదాన్ని,
ఏడు దాటినవాళ్ళు తక్కువ.
టార్పాలిన్ టపటపల కింద
వందల్లోకి వెళ్ళాను.
పక్కన ఆయనా మేలుకునే ఉన్నాడు.
"కిటికీలోంచి నువ్వు కనిపించావు," అన్నాడు.
"చెయ్యి ఊపాను కూడా.
నువ్వు మేకుల డబ్బా పట్టుకుని
అచ్చం నాలుగో క్లాసు పిల్లలా ఉన్నావు."
నాకు చెయ్యి కనపడలేదు, బెల్టే కనపడింది.
అది చెప్పలేదు.

వెళ్ళే ముందు రోజు బజారుకెళ్ళి
రెండో తాళంచెవి చేయించాడు.
కొత్తది కదా, మొండికేస్తోంది.
తలుపుని మోకాలితో కొంచెం పైకెత్తి
ఎడమకి తిప్పాలి.
సీలింగు లేని ఇంటికి బయట నిలబడి
నా చేత మూడుసార్లు తీయించాడు,
మూడుసార్లు వేయించాడు.
రైలుకి టైమవుతోంది అన్నాను.

"ఇంకొక్కసారి,
ఆ బాగున్న మోకాలితో" అన్నాడు.